అమెరికాలో పెద్ద కొట్లు నష్టానికి అమ్మి చిన్న కొట్లను మూయించాయా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఎంబీఏ ప్రాజెక్టు కోసం 1870 తర్వాత అమెరికాలో పెద్ద వ్యాపారాలు, పెద్ద కొట్లు ఎలా వచ్చాయో చదువుతున్నారు. తెనాలిలో మీ నాన్నగారికి కిరాణా కొట్టు ఉంది. "డబ్బున్నవాళ్లు కొన్నాళ్లు నష్టానికి అమ్మి, చిన్నవాళ్లు మూసేశాక ధర పెంచుకున్నారు. అంతేనా కథ? అక్కడి కిరాణా కొట్లు చివరికి ఏమయ్యాయి?" అన్నది మీ ప్రశ్న.

సూటిగా జవాబు చెప్తాను. నష్టానికి అమ్మడం అక్కడక్కడా జరిగింది కానీ వాళ్లు పెద్దవాళ్లయింది దానివల్ల కాదు, సరుకు వేగంగా తిరగడం వల్ల. పెట్టిన డాలరు ఏడాదిలో ఎన్నిసార్లు సరుకుగా మారి, మళ్లీ డబ్బుగా చేతికొచ్చింది అన్నదే అసలు లెక్క. రైలూ టెలిగ్రాఫూ వచ్చేదాకా ఆ వేగం ఎవరికీ సాధ్యం కాలేదు. ఇక రహస్య రిబేట్లు (కట్టిన రైలు ఛార్జీలో కొంత చాటుగా వెనక్కి తీసుకోవడం), కుమ్మక్కులు, కోర్టు కేసులు అన్నీ ఉన్నాయి. వాటిని నేనేమీ వెనకేసుకురావడం లేదు, కింద రాస్తాను.

నేను చరిత్ర ప్రొఫెసర్‌ని కాదు. హైదరాబాద్‌లో ఒక సూపర్ మార్కెట్ చెయిన్‌లో కొనుగోళ్లు చూశాను. తర్వాత చాలా ఏళ్లు షికాగో దగ్గర గోడౌన్ల పనిలో ఉన్నాను. ఈ చరిత్రంతా ఆ ఆసక్తితో చదివిందే, కాబట్టి నా చూపు ఎప్పుడూ సరుకు మీదే ఉంటుంది.

ముందు రైలు రాని రోజుల్లో పల్లె కొట్టు ఎలా ఉండేదో చూడండి. 1840ల్లో ఇండియానాలోనో ఇల్లినాయిలోనో జనరల్ స్టోర్ నడిపే మనిషి ఏడాదికి ఒకటి రెండుసార్లు న్యూయార్క్‌కో ఫిలడెల్ఫియాకో వెళ్లి సరుకు కొనేవాడు. అది కాలువ పడవల్లో, నది స్టీమర్లలో, గుర్రపు బండ్లలో వారాల తరబడి వచ్చేది. చలికాలం కాలువలు గడ్డకడితే సరుకు దారిలోనే ఉండిపోయేది. హోల్‌సేల్ వాడు ఇతనికి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది అప్పిచ్చేవాడు. ఇతను రైతుకు పంట చేతికొచ్చేదాకా ఖాతా రాసేవాడు. రైతు డబ్బుకు బదులు గుడ్లు, వెన్న తెచ్చి బాకీ సర్దుకోవడం కూడా మామూలే. వస్తువు మీద ధర రాసి ఉండేది కాదు. మనిషిని బట్టి, అప్పా నగదా అన్నదాన్ని బట్టి ధర పలికేది.

అలాంటి కొట్టులో ఆరు నెలల సరుకు అలమరల్లో మగ్గుతుంటే మార్జిన్ ఎక్కువ వేసుకోక తప్పదు. ఉత్తినే ఒక లెక్క వేద్దాం. 5,000 డాలర్ల సరుకు ఏడాదికి రెండుసార్లు తిరిగి, ప్రతిసారీ 30 శాతం మిగిలితే 3,000 డాలర్లు వస్తాయి. అదే సరుకు పదిసార్లు తిరిగి, ప్రతిసారీ 10 శాతమే మిగిలినా 5,000 వస్తాయి. రెండోవాడు చవగ్గా అమ్మాడు, ఎక్కువ సంపాదించాడు. మొదటివాడికి అది నష్టానికి అమ్మినట్టే కనిపిస్తుంది. మీ ప్రశ్నలోని అనుమానం పుట్టేది ఇక్కడే అనుకుంటాను. ఆ రోజుల్లో పల్లె వ్యాపారులు కూడా అచ్చంగా ఇదే ఆరోపణ చేశారు.

ఆ పదిసార్లు ఎక్కడినుంచి వచ్చాయి? అమెరికాలో 1860 నాటికి సుమారు 30 వేల మైళ్ల రైలు మార్గం ఉంటే, 1900 నాటికి అది 1,90,000 మైళ్లు దాటింది. మైళ్లు ఒక్కటే కాదు. 1883 నవంబర్ 18న రైల్వే కంపెనీలు తమంతట తామే దేశాన్ని టైమ్ జోన్లుగా విడగొట్టి గడియారాలు సరిచేసుకున్నాయి. ప్రభుత్వ చట్టం వచ్చింది 1918లో. 1886లో దక్షిణాది రైల్వేలు తమ పట్టాల వెడల్పును ఉత్తరాది పట్టాలకు దగ్గరగా మార్చుకున్నాయి. దాంతో సరిహద్దు దగ్గర ఒక వ్యాగన్లోంచి దించి ఇంకో వ్యాగన్లోకి ఎక్కించే తిప్పలు తగ్గాయి. గోడౌన్లో పనిచేసినవాళ్లకు దాని విలువ చెప్పక్కర్లేదు. సరుకు మీద చెయ్యి పడిన ప్రతిసారీ ఆలస్యం, దెబ్బతినడం, దొంగతనం మూడూ ఉంటాయి.

రైల్వేలు ఇంకొకటి కూడా నేర్పాయి. యజమాని ఒక్కడే కూర్చుని చూసుకోలేని వ్యాపారాన్ని జీతగాళ్ల చేత, రోజువారీ లెక్కల చేత నడపడం. కార్నెగీ కుర్రతనంలో పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌లో పనిచేసి, అక్కడి ఖర్చుల లెక్క నేర్చుకుని, 1875లో మొదలైన తన ఉక్కు ఫ్యాక్టరీలో అదే పెట్టాడు. టన్నుకు ఎంత పడుతోంది అన్నది అతనికి ఎప్పుడూ నోటి మీద ఉండాల్సిందే.

తయారీదార్లలో నాకు బాగా నచ్చిన ఉదాహరణ గుస్టావస్ స్విఫ్ట్. మసాచుసెట్స్‌లో మాంసం వ్యాపారం చేసుకునే మనిషి, 1875లో షికాగో వచ్చాడు. అప్పట్లో పశువులను బతికుండగానే రైల్లో తూర్పు నగరాలకు పంపేవారు. దారిలో మేత, నీళ్లు ఖర్చు. పశువులు చిక్కిపోయేవి, కొన్ని చచ్చేవి. పైగా పశువు బరువులో సగానికి పైగా తినడానికి పనికిరానిదే అయినా, దానికీ రైలు ఛార్జీ కట్టాల్సిందే. షికాగోలోనే కోసి మాంసం మాత్రమే పంపితే పోలేదా అన్నాడు స్విఫ్ట్. 1870ల చివర్లో ఆండ్రూ చేజ్ అనే ఇంజనీరు చేత ఐస్ పెట్టిన వ్యాగన్ తయారు చేయించాడు. పశువుల వ్యాగన్ల మీద డబ్బు పెట్టుకున్న పెద్ద రైల్వేలు మొహం చాటేశాయి. కెనడా మీదుగా చుట్టూ తిరిగి వెళ్లే గ్రాండ్ ట్రంక్ రైల్వే ఒప్పుకుంది.

వ్యాగన్ ఒక్కటే ఉంటే పని జరిగేది కాదు. దారి పొడవునా ఐస్ నింపే స్టేషన్లు కావాలి. చలికాలంలో సరస్సుల మీద ఐస్ కోసి దాచాలి. అవతలి ఊరిలో చల్లని గది ఉన్న సొంత గోడౌన్ ఉండాలి, ఏ రోజు ఎంత అమ్ముడవుతుందో అక్కడినుంచి టెలిగ్రాఫ్ రావాలి. మాంసం కదా, రెండు రోజులు ఆలస్యమైతే పారేయడమే. వీటన్నిటినీ ఒకే కంపెనీ పట్టుకుంటే తప్ప నడవని వ్యాపారం అది. పెద్దది కావాలన్న కోరిక తర్వాతి సంగతి, పని స్వభావమే దాన్ని పెద్దది చేసింది. తూర్పు నగరాల కసాయి దుకాణదార్లు సంఘం పెట్టుకుని, ఈ మాంసం ఆరోగ్యానికి మంచిది కాదని ప్రచారం చేశారు. ధర ముందు ఆ మాట నిలవలేదు. అయితే ఆ తర్వాత స్విఫ్ట్ లాంటి పెద్ద మాంసం కంపెనీలే కుమ్మక్కై ధరలు కూడబలుక్కుంటున్నాయని ప్రభుత్వం కేసు వేసింది. 1905లో సుప్రీంకోర్టు కంపెనీలకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. వేగంతో ఎదిగినవాడు ఎదిగాక బుద్ధిగా ఉంటాడని నేను అనడం లేదు.

సిగరెట్ల కథ మీ ప్రాంతానికి దగ్గరది. చేత్తో చుట్టే పనివాడు రోజుకు 3,000 చుట్టేవాడు. జేమ్స్ బాన్సాక్ 1881లో పేటెంట్ తీసుకున్న యంత్రం 1,20,000 దాకా చుట్టేది. నార్త్ కరోలినాకు చెందిన డ్యూక్ ఆ యంత్రాలు పెట్టాక, సమస్య సిగరెట్లు చేయడం కాదు, అన్ని సిగరెట్లు ఎవరికి అమ్మాలి అన్నది. అందుకే అంత ప్రకటనలు, పెట్టెల్లో బొమ్మల కార్డులు. అతని అమెరికన్ టొబాకో కంపెనీ, ఇంగ్లండ్‌లోని ఇంపీరియల్ టొబాకో కలిసి 1902లో బ్రిటిష్ అమెరికన్ టొబాకో పెట్టాయి. దాని భారత శాఖ 1910లో కలకత్తాలో మొదలై, ఆకు కోసం గుంటూరు జిల్లాకు వచ్చింది. పొగాకు ఆకు కొనే చీరాల ఐఎల్‌టీడీ కంపెనీ పేరు మీ నాన్నగారికి తెలిసే ఉంటుంది, అడగండి.

ఇప్పుడు స్టాండర్డ్ ఆయిల్ అనే చమురు కంపెనీ పెట్టిన రాక్‌ఫెల్లర్. మీరు ఎక్కువగా చదివింది ఆయన గురించే అని ప్రశ్న చూస్తే అర్థమైంది. స్టాండర్డ్ ఆయిల్ 1870లో 10 లక్షల డాలర్ల మూలధనంతో మొదలైంది. పదేళ్లు తిరిగేసరికి దేశంలో చమురు శుద్ధిలో దాదాపు 90 శాతం దాని చేతిలో ఉంది. రైల్వేల నుంచి రహస్య రిబేట్లు తీసుకున్న మాట నిజం. 1872లో అయితే ఇంకా దారుణమైన పథకం వేశారు. పోటీదారుడు పంపిన పీపాల మీద కూడా వీళ్లకు కమీషన్ రావాలట! గొడవై అది కొద్ది నెలల్లోనే రద్దయింది. ఈలోగా ఆ బెదురు చూపించి క్లీవ్‌లాండ్‌లోని 26 రిఫైనరీల్లో 22 కొనేశారు. ఇందులో న్యాయం వెతక్కండి.

కానీ రైల్వే ఆ రిబేటు ఎందుకిచ్చిందో కూడా చూడాలి. రోజుకు 60 వ్యాగన్ల సరుకు ఖాయంగా ఇస్తామని వీళ్లు మాటిచ్చారు. వ్యాగన్ల కోసం ఎదురుచూపు లేదు, ఖాళీగా తిరగడం లేదు. రైల్వేకి ఖర్చు నిజంగానే తగ్గింది. రిబేటులో కొంత ఆ మిగులులోని వాటా, కొంత పచ్చి దౌర్జన్యం. ప్రాజెక్టులో ఈ రెండింటినీ విడదీసి రాయండి, మార్కులు అక్కడే పడతాయి. 1911లో సుప్రీంకోర్టు ఆ కంపెనీని 34 ముక్కలు చేసింది.

డబ్బుంటే చాలు అన్నవాళ్లకు ఒక ఉదాహరణ: నేషనల్ కార్డేజ్. తాళ్లు, పురికొసల వ్యాపారం. 1880ల చివర్లో ఉన్న కంపెనీలను కలిపేసుకుంటూ మార్కెట్‌ను గుప్పిట్లో పెట్టుకుందామని చూశారు. తాళ్ల తయారీలో పెద్దవాడైతే వచ్చే ప్రత్యేక వేగం ఏమీ లేదు, ధర పెంచగానే కొత్తవాళ్లు దిగుతారు. 1893 మే నెలలో దివాలా తీసింది, ఆ ఏడాది వచ్చిన పెద్ద సంక్షోభంలో దానిదీ ఒక చెయ్యి. 1895-1904 మధ్య విలీనాల్లో 1,800కు పైగా కంపెనీలు కలిసిపోయాయి. అలా పుట్టిన పెద్ద కంపెనీల్లో చాలావాటికి ఇదే గతి పట్టింది.

ఇక కొట్ల సంగతి. న్యూయార్క్‌లో ఏ.టి. స్టివార్ట్ 1846లో బ్రాడ్‌వే మీద పాలరాతి భవనంలో కొట్టు తెరిచాడు. ఎవరైనా లోపలికి రావచ్చు, కొనకపోయినా ఫర్వాలేదు, బేరం మాత్రం లేదు. ఫిలడెల్ఫియాలో జాన్ వానామేకర్ 1876లో పాత రైల్వే గూడ్స్ షెడ్డును పెద్ద కొట్టుగా మార్చాడు. ధర చీటీలు, నచ్చకపోతే డబ్బు వాపసు. ఒకటే ధర అన్నదాన్ని పుస్తకాల్లో నిజాయితీ కింద రాస్తారు. కొనుగోళ్లలో పనిచేసిన నాకు అది వేరేగా కనిపిస్తుంది. వందల మంది గుమాస్తాలు ఉన్నప్పుడు ఒక్కొక్కరూ ఒక్కో ధరకు బేరమాడితే యజమానికి లెక్క దొరకదు. పైగా బేరమాడే నేర్పున్న గుమాస్తాకు జీతం ఎక్కువ ఇవ్వాలి. ధర రాసి పెడితే కొత్తగా చేరిన అమ్మాయి కూడా అమ్మగలదు. తక్కువ జీతాలకు, రోజంతా నిలబడి ఆ పని చేసింది వేలాదిమంది ఆడపిల్లలే.

క్యాష్ రిజిస్టర్ కూడా ఇలాంటి అవసరం లోంచే పుట్టింది. ఒహాయోలోని డేటన్‌లో సారా కొట్టు నడిపే జేమ్స్ రిట్టీ, పనివాళ్లు గల్లాలో చెయ్యి పెడుతున్నారని 1879లో దాన్ని చేయించాడు.

పల్లెల్లోకి ఈ వేగాన్ని తీసుకెళ్లింది పోస్టు ద్వారా అమ్మే షికాగో కంపెనీలు. మాంట్‌గోమరీ వార్డ్ 1872లో ఒకే కాగితం మీద 163 వస్తువుల ధరల పట్టిక అచ్చువేశాడు. గ్రేంజ్ అనే రైతు సంఘం అతనికి అండ. పల్లె వ్యాపారి మార్జిన్ మీద ఆ రైతులకు అప్పటికే ఒళ్లు మంటగా ఉంది. తర్వాత వచ్చినవాడు రిచర్డ్ సియర్స్. 1886లో మిన్నెసోటాలో రైల్వే స్టేషన్ ఏజెంటుగా ఉండగా, ఊళ్లో నగల వ్యాపారి వద్దని తిప్పేసిన వాచీల పార్సిల్‌ని తీసుకుని తోటి స్టేషన్ ఏజెంట్లకు అమ్మేశాడు. ప్రకటన రాయడంలో సియర్స్‌ని మించినవాడు లేడు. చేతిలో లేని సరుకుకు కూడా ప్రకటన వేసి, ఆర్డర్లు వచ్చాక వెతికేవాడు! ఆర్డర్లు కుప్పలు పడి, తప్పు సరుకులు వెళ్లి, వాపసులు వచ్చి 1890ల్లో కంపెనీ ఉక్కిరిబిక్కిరైంది. 1895లో చేరిన జూలియస్ రోజెన్‌వాల్డ్, గోడౌన్ చూసుకునే ఒట్టో డోరింగ్ లేకపోతే సియర్స్ పేరు మనం వినేవాళ్లం కాదు.

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే నా వృత్తిలో ఇప్పటికీ నడుస్తున్నది ఇదే. 1906లో షికాగో పడమటి వైపు 40 ఎకరాల్లో కొత్త కేంద్రం కట్టారు. లోపలిదాకా రైలు పట్టాలు, కదిలే బెల్టులు, జారుడు గొట్టాలు, చీటీలు పంపడానికి గాలి గొట్టాలు. ఉత్తరం విప్పగానే ఆ ఆర్డరుకు ఒక టైము వేసేవారు. అందులో చొక్కా, సుత్తి, సబ్బు ఉంటే మూడు విభాగాలకు మూడు చీటీలు వెళ్లేవి. ఆ మూడు వస్తువులూ తమకిచ్చిన 15 నిమిషాల వ్యవధిలో ప్యాకింగ్ గదిలో ఆ ఆర్డరు గూటికి చేరాలి. సుత్తి రాకపోతే పెట్టె ఆగదు, వెళ్లిపోతుంది. సుత్తిని విడిగా పంపిన ఖర్చు ఆ విభాగం లెక్కలో పడుతుంది. ఇలా రోజుకు లక్షకు పైగా ఆర్డర్లు పంపారు. నేను పనిచేసిన గోడౌన్లో కంప్యూటర్ తెర మీద చూసింది ఇదే పద్ధతి. వాళ్లు కాగితం చీటీతో చేశారు, అంతే తేడా.

హైదరాబాద్‌లో నేనున్న చెయిన్‌కి ఇది అర్థం కాలేదు. నెలకో కొట్టు తెరుస్తూ పోయారు, మధ్యలో గోడౌన్ మాత్రం సరిగ్గా పెట్టలేదు. ఒక కొట్టులో కందిపప్పు బస్తాలు పురుగు పట్టి ఉంటే, అదే రోజు ఇంకో కొట్టులో కందిపప్పు లేదని కస్టమర్ వెనక్కి పోయేది. పెట్టుబడి దండిగానే ఉంది. అయినా మూతపడింది.

సియర్స్ క్యాటలాగ్ గురించి ప్రాజెక్టుల్లో తరచుగా వదిలేసే విషయం ఒకటుంది. దక్షిణాదిలో నల్లజాతి రైతుకు ఊరి కొట్టు అంటే అప్పు, అవమానం రెండూ. తెల్లవాళ్లందరూ అయ్యాక గానీ అతనికి సరుకు ఇచ్చేవారు కాదు, నాసిరకమే అంటగట్టేవారు. పంట తాకట్టులో ఉంది కాబట్టి ఏం కొనాలో కూడా కొట్టువాడే చెప్పేవాడు. క్యాటలాగ్‌కి మొహం కనపడదు. అందరికీ ఒకటే ధర. ఊరి వ్యాపారులు క్యాటలాగులు పోగేసి తగలబెట్టించింది పోటీ భయంతోనే కాదు, ఈ పట్టు జారిపోతుందన్న కోపంతో కూడా. పార్సిల్ పోస్టు మీద కూడా ఏళ్ల తరబడి పోరాడారు. అప్పటిదాకా పెద్ద పొట్లాలన్నీ ప్రైవేటు ఎక్స్‌ప్రెస్ కంపెనీల చేతుల్లో ఉండేవి. 1913 జనవరి 1న ప్రభుత్వ పార్సిల్ పోస్టు మొదలైంది.

చెయిన్ స్టోర్ల గురించి ముక్తసరిగా చెప్తాను, మీకు పుస్తకాల్లో బోలెడు దొరుకుతుంది. వుల్‌వర్త్ 1879లో యుటికాలో పెట్టిన ఐదు సెంట్ల కొట్టు మూతపడింది, అదే ఏడాది లాంకాస్టర్‌లో పెట్టింది నడిచింది. ఏ అండ్ పీ అనే కిరాణా చెయిన్ టీ వ్యాపారంతో మొదలై, 1912లో అప్పు లేదు, ఇంటికి చేరవేయడం లేదు అనే చిన్న కొట్లు పెట్టింది. 1930 నాటికి 15 వేలకు పైగా శాఖలు. మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ 1916లో పిగ్లీ విగ్లీ తెరిచి, కస్టమరే బుట్ట పట్టుకుని సరుకు తీసుకునే పద్ధతి పెట్టాడు. గుమాస్తా చేసే పని కస్టమర్ చేత ఉచితంగా చేయించడమన్నమాట. ఈ అందరిలో ఉమ్మడిగా కనిపించేది నగదు. అప్పు తీసేస్తే సరుకు ఇంకా వేగంగా తిరుగుతుంది. మీ నాన్నగారి ఖాతా పుస్తకం చూస్తే ఈ మాటలో నిజమెంతో మీకే తెలుస్తుంది.

మరి చిన్న కొట్లు ఏమయ్యాయి? మీరనుకున్నంతగా పోలేదు. 1929 లెక్కల్లో కూడా చెయిన్ల వాటా మొత్తం చిల్లర అమ్మకాల్లో ఐదో వంతు చుట్టుపక్కలే. కిరాణాలో మాత్రం అంతకంటే బాగా ఎక్కువ. చిన్నవాళ్లు రాజకీయంగా గట్టిగా తగులుకున్నారు. శాఖల సంఖ్యను బట్టి చెయిన్ల మీద పన్నులు వేయించారు, 1936లో రాబిన్సన్-పాట్‌మన్ చట్టం తెచ్చుకున్నారు. పెద్ద కొనుగోలుదారుకు అకారణంగా తక్కువ ధర ఇవ్వకూడదన్నది దాని సారాంశం. నిజంగా దెబ్బతిన్నది ఫ్యాక్టరీకీ కొట్టుకూ మధ్యనున్న పాత హోల్‌సేల్ వ్యాపారి. అతని పని పెద్దకొట్టే చేసేసుకుంది.

వాళ్లలో తెలివైన హోల్‌సేల్ వ్యాపారులు వేరే దారి పట్టారు. 1926లో షికాగోలో ఐజీఏ అనే కూటమి మొదలైంది. ఎవరి కొట్టు వాళ్లదే, కొనుగోలు, ప్రకటన మాత్రం కలిసి. ఆ మరుసటి ఏడాది బట్లర్ బ్రదర్స్ అనే హోల్‌సేల్ కంపెనీ, బెన్ ఫ్రాంక్లిన్ పేరుతో చిన్న వ్యాపారులకు ఫ్రాంచైజీలు ఇవ్వడం మొదలుపెట్టింది. 1945లో అర్కన్సాస్‌లోని న్యూపోర్ట్‌లో అలాంటి ఒక కొట్టు తీసుకున్న కుర్రాడు సామ్ వాల్టన్. వాల్‌మార్ట్ ఆయనదే.

ప్రాజెక్టుకు ఒక సలహా: స్టాండర్డ్ ఆయిల్ మీద అందరూ రాస్తారు, మీరు సియర్స్ 1906 గోడౌన్‌ని తీసుకోండి. దాని పక్కన మీ నాన్నగారి కొట్టులో ఒక ఇరవై రకాల సరుకు ఏడాదికి ఎన్నిసార్లు తిరుగుతుందో బిల్లులు చూసి పట్టిక వేయండి. బియ్యం, నూనె, సబ్బులు, స్టేషనరీ విడివిడిగా పెట్టండి. ఆ అంకెలు వచ్చాక ఇక్కడే పెడితే చూస్తాను. ఏ సరుకు ఎక్కడ ఇరుక్కుంటోందో చెప్పగలను.